‘బాగానే ఉన్నా’ అని ఇంటికి ఎన్నాళ్లు చెప్పాలి?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లాలో ఓ పల్లెటూరు. బెంగళూరులో అపార్ట్‌మెంట్ల దగ్గర సెంట్రింగ్ పని చేస్తాను. భార్య, పాప, అమ్మ ఊళ్లో ఉంటారు. చెల్లి పెళ్లికని మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చాను, ఇంకా తీరలేదు. మూడు నెలల కిందట నా పక్కన పనిచేసే కుర్రాడు పైనుంచి పడి చనిపోయాడు. అప్పట్నుంచి నిద్ర లేదు. కాస్త పట్టినా ఆ చప్పుడు వినిపించి లేచి కూర్చుంటున్నాను. పైకెక్కితే గుండె దడ, కాళ్లలో వణుకు. రాత్రి క్వార్టర్ వేస్తేనే కన్ను మూతపడుతోంది. ఇంటికి మాత్రం బాగానే ఉన్నానని చెబుతున్నాను. షెడ్డు కనపడకుండా రంగు వేసిన గోడ దగ్గరికి వెళ్లి వీడియో కాల్ మాట్లాడతాను. నిద్ర పట్టట్లేదని అమ్మతో అంటే గాలి సోకిందంటోంది. తోటివాళ్లు పిరికివాడంటున్నారు. ఈమధ్య ‘ఇంకెందుకు బతకడం’ అనిపిస్తోంది. నాకు పిచ్చి పడుతోందా? పని మానేసి ఊరెళ్లిపోనా?

జవాబు: బతకడం ఎందుకనిపిస్తోందని రాశారు కదా, ముందు ఆ సంగతి చూద్దాం. ఆ మాట ఇవాళే ఒక మనిషితో అనండి. షెడ్డులో మీ ఊరివాళ్లలో మీకు నమ్మకమున్న ఒకరిని పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పి, కొన్నాళ్లు రాత్రిళ్లు మీ పక్కనే పడుకోమనండి. 14416కు ఫోన్ చేయండి. అది ‘టెలీ మానస్’ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022 నుంచి నడుస్తోంది. డబ్బులు పడవు, అర్ధరాత్రయినా పలుకుతారు. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగండి.

రెండోది, డాక్టర్ సరేననేదాకా ఎత్తు మీద పని వద్దు. కింద చెక్కలు సర్దడమో, మేకులు పీకడమో ఏదో ఒకటి ఇప్పించమని మేస్త్రీని అడగండి. కళ్లు తిరుగుతున్నాయని చెబితే చాలు, మనసులో ఉన్నదంతా ఆయనకు విప్పి చెప్పక్కర్లేదు. కూలి కాస్త తగ్గినా ఫర్వాలేదు. నిద్రలేని కళ్లతో, పొద్దుటికి ఇంకా దిగని మత్తుతో పైన నిలబడితే మీకూ ప్రమాదమే, పక్కవాళ్లకూ ప్రమాదమే.

మీకు పిచ్చి పట్టడం లేదు. కళ్లెదుట మనిషి పోవడం చూసినవాళ్లలో కొందరికి ఇలాగే జరుగుతుంది. ఆ చప్పుడు మళ్లీ మళ్లీ వినిపించడం, ఉలిక్కిపడి లేవడం, ఆ చోటికి వెళ్లగానే ఒళ్లు వణకడం... ఇవి నెల దాటినా తగ్గకపోతే డాక్టర్లు దాన్ని జబ్బుగానే చూస్తారు, దానికి వైద్యం ఉంది. సైన్యంలో పనిచేసినవాళ్లకూ వస్తుంది ఇది. వాళ్లను ఎవరూ పిరికివాళ్లనరు. మిమ్మల్ని అలా అంటున్నవాళ్లలో కూడా ఎంతమంది ఆ రాత్రి నిద్రపోయారో నాకు అనుమానమే.

బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి ఒక రోజు కూలి పోయినా సరే నిమ్హాన్స్‌కు వెళ్లండి. మనసుకు, నరాలకు వచ్చే జబ్బులు చూసే ప్రభుత్వ ఆస్పత్రి అది, హోసూరు రోడ్డులో ఉంటుంది. ఓపీకి పొద్దున్నే చేరుకోండి, తట్టుకోలేనంతగా ఉంటే మాత్రం ఏ వేళప్పుడైనా ఎమర్జెన్సీకి వెళ్లొచ్చు. ఆధార్, రేషన్ కార్డు దగ్గర పెట్టుకోండి. డాక్టర్ దగ్గర నిద్ర గురించి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఆ కుర్రాడు పడిపోయిన సంగతి, తాగుడు సంగతి, బతకాలనిపించని సంగతి మూడూ చెప్పాలి. మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. మొదటి వారంలోనే ‘ఏం పనిచేయట్లేదు’ అని ఆపేసేవాళ్లు చాలామంది. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడాల్సి ఉంటుంది, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు. మందులకు మత్తు వస్తుందేమో, పైకెక్కే పని ఎప్పుడు మొదలుపెట్టొచ్చో కూడా అడగండి. మీరు చేసే పనేమిటో చెప్పకపోతే వాళ్లకు తెలియదు.

క్వార్టర్ నిద్ర పట్టిస్తుంది, నిజమే. మత్తు తగ్గేసరికి తెల్లవారుజామున అదే లేపి కూర్చోబెడుతుంది. అలా లేచినప్పుడే మనసు మరీ చెడ్డగా ఉంటుంది. అయితే చాలా రోజులుగా రోజూ తాగుతుంటే ఒక్కసారిగా మానకండి. చేతుల వణుకు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఎలా తగ్గించాలో డాక్టర్‌నే అడగండి. నిద్రమాత్ర ఇస్తే మద్యంతో కలిపి మాత్రం అస్సలు వేసుకోవద్దు.

అమ్మతో వాదన పెట్టుకోకండి. తాయెత్తు కట్టుకోమంటే కట్టుకోండి, డాక్టర్ రాసిన మాత్రలూ వేసుకోండి. రెండింటికీ తగువేమీ లేదు.

ఇక ఆ రంగు గోడ. ఇంట్లోవాళ్లు బెంగపడతారని మీరు అలా చేస్తున్నారు, అర్థమవుతోంది. కానీ మీరు బాగున్నారని నమ్మిన మీ భార్య అక్కడ కొత్త ఖర్చులకు ఒప్పుకుంటూ ఉండవచ్చు, మీరేమో ఇక్కడ ఓవర్‌టైమ్‌లు చేస్తూ ఉండవచ్చు. అంతా ఒక్కసారే చెప్పక్కర్లేదు. పాప, అమ్మ పక్కన లేనప్పుడు ఆమెకు ఫోన్ చేసి, ‘నాకు నిద్ర పట్టట్లేదే, ఆస్పత్రికి వెళ్తున్నా’ అని ఆ ఒక్క ముక్క చెప్పండి. ఏడుస్తారేమో. ఏడవనివ్వండి, ఫోన్ పెట్టేయకండి. ‘డబ్బు పంపకపోతే ఎలా’ అని ఆమె అడిగితే కోపం తెచ్చుకోవద్దు, ఆమె టెన్షన్ ఆమెకు ఉంటుంది. చెల్లి పెళ్లి అప్పు మీ ఒక్కరి నెత్తినే ఎందుకుండాలన్న మాట కూడా ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందే.

ఊరెళ్లిపోనా అని అడిగారు. ఓ వారం పది రోజులు వెళ్లి ఇంటి పట్టున ఉండి రావడం మంచిదే, వీలైతే డాక్టర్‌ను చూశాక వెళ్లండి. పూర్తిగా మానేయాలా వద్దా అన్నది మాత్రం ఇప్పుడు తేల్చొద్దు. నిద్రలేని బుర్రకు ఏ దారి చూసినా మూసుకుపోయినట్టే ఉంటుంది. వైద్యం మొదలై, నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రపోయాక మీరూ మీ భార్యా కూర్చుని లెక్క వేసుకోండి. ఊళ్లో ఉండగా మళ్లీ ఆ ఆలోచనలు వస్తే అక్కడినుంచీ 14416 పనిచేస్తుంది.

అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వనని మేస్త్రీ అంటే భయపడకండి. అప్పు పేరు చెప్పి మనిషిని పనిలో కట్టిపడేయడం వెట్టిచాకిరీ కిందికే వస్తుంది, 1976 చట్టం ప్రకారం అది నేరం. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. ఇచ్చిన అడ్వాన్సు, కోసుకున్న కూలి రాసిన చిట్టీ మీ దగ్గర ఏదున్నా ఫొటో తీసి మీ భార్యకు వాట్సాప్ చేసి ఉంచండి.