“నొప్పి ఎంత?” అని అడగడం ఎలా

సందేహం: మలక్‌పేటలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా ఫారంలో “మీ నొప్పి తీవ్రతను 0–10 స్కేలుపై సూచించండి” అని ఉంది. చదివి వినిపిస్తే పెద్దవాళ్లు అంకె చెప్పరు, “గుంజుతుంది”, “సలుపుతుంది” అంటారు. తీవ్రతకు తేలిక మాట ఉందా?

సమాధానం: మాట ఒక్కటి మారిస్తే చాలదండీ, వాక్యమే మార్చాలి. మీరు ఎంత అని అడుగుతుంటే వాళ్లు ఎలాంటిదో చెప్తున్నారు. అది వాళ్ల తప్పు కాదు, నొప్పికి మనకున్న మాటల్లో చాలావరకు దాని రకాన్ని చెప్పేవే. గడ్డ సలుపుతుంది, కడుపులో పోటు వస్తుంది, కీళ్లు పీకుతాయి, పిక్కలు గుంజుతాయి, పన్ను జివ్వుమంటుంది. ఈ మాటల్ని వదిలేయకండి, పక్కన రాసుకోండి. 1975లో నొప్పిపై పరిశోధన చేసిన మెల్జాక్ ప్రచురించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిలో ఇలాంటి వర్ణన మాటలే 78 ఉన్నాయి, 20 గుంపులుగా. వైద్యానికి అవీ కావాలి.

ఇక “తీవ్రత”. మన వైద్య అనువాదాల్లో అక్యూట్‌కీ సివియర్‌కీ రెండింటికీ “తీవ్రమైన” అనే రాసేస్తుంటారు, నాకు ఇది చాలా ఇబ్బందిగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్యూట్ అంటే ఈ మధ్య మొదలైనది, అది కొద్దిపాటి నొప్పైనా కావచ్చు. “బాధ ఎంత?” అని కూడా అడగకండి, మనసులో బాధ అందులో కలిసిపోతుంది. ఆడవాళ్లను “నొప్పులు ఉన్నాయా?” అంటే కాన్పు నొప్పులనుకోవచ్చు.

నొప్పి ఎంతో చెప్పడానికి తెలుగులో చక్కని పనిముట్టు “అంత”. నిద్ర పట్టనంత, మెట్లు ఎక్కలేనంత, ఓర్చుకోలేనంత. మోకాలి ఆపరేషన్ తర్వాత మా అమ్మను “పదికి ఎంత?” అని అడిగితే ఐదు అంది, మర్నాడూ ఐదే. పదికి పది అంటే మంచి మార్కులని ఆమె లెక్క, మధ్యలో చెప్తే గొడవుండదనుకుంది. “రాత్రి నిద్ర పట్టనంత ఉందా అమ్మా?” అని నేనడిగాకే అసలు సంగతి బయటపడింది. అందుకే “పదికి” అనే మాట తీసేసి ఇలా అడిగి చూడండి: “నొప్పి అసలు లేకపోతే సున్నా. ఇంతకంటే ఎక్కువ నొప్పి ఉండదు అనేంత ఉంటే పది. ఇప్పుడు మీకు ఏ అంకె దగ్గరుంది?” కూర్చున్నప్పుడు ఎంతో, నడిచినప్పుడు ఎంతో విడిగా అడగండి.

మీ పేషెంట్లలో కొందరు “బారాణా తగ్గింది” (రూపాయిలో పన్నెండణాలు, అంటే ముప్పావు వంతు) అంటారు చూడండి, అది ఎంత అందమైన కొలతో! కానీ అది తగ్గిన వంతు, ఉన్న నొప్పి కాదు. మొదట 8 ఉంటే మిగిలింది 2, మొదట 4 ఉంటే మిగిలింది 1. దాన్ని వేరే గడిలో రాయాలి.

అంకెలు అసలు కుదరనివాళ్లకు వాంగ్–బేకర్ ముఖాల బొమ్మలు చూపించవచ్చు. మొదట పిల్లల కోసం తయారైనవి, ఆరు ముఖాలు, 0 నుంచి 10 దాకా రెండేసి చొప్పున. చివరి ముఖం కన్నీళ్లు పెట్టుకుని ఉంటుంది. “నేనేం ఏడుస్తలేనుగా” అని పెద్దాయన దాన్ని వదిలేసి పక్క బొమ్మ చూపించవచ్చు. కాబట్టి “ఏడవకపోయినా, నొప్పి అంత ఉంటే ఈ బొమ్మే చూపించండి” అని ముందే చెప్పండి.