చివరి రాత్రికి ఏ పాటలు?

ప్రశ్న: పంతొమ్మిదేళ్ళుగా నెలకొక శనివారం నడుస్తున్న మా గోత్ (చీకటి ఛాయల రాక్ సంగీతం), ఇండస్ట్రియల్ (యంత్రాల చప్పుళ్ళతో అల్లిన సంగీతం) క్లబ్ నైట్ వచ్చే నెలతో ఆగిపోతోంది. హాలు లీజు పొడిగించలేదు, నడిపేవాళ్ళమూ అలసిపోయాం. మొదటి ఏడాది నుంచి ఉన్న డీజేల్లో నేనొకణ్ణి. చివరి రాత్రి అన్నీ పాత పాటలే వేద్దామని మావాళ్ళు అంటున్నారు, కానీ నాకు మనసొప్పడం లేదు. డ్యాన్స్ కార్యక్రమం ఆగితే ఇంత దిగులేమిటని ఇంట్లోవాళ్ళు అడుగుతున్నారు. ఈ వీడ్కోలు ఎలా చెప్పాలి?

జవాబు: ముందు మీ దిగులు సంగతి. పంతొమ్మిదేళ్ళంటే రెండు వందలకు పైగా రాత్రులు. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది పేర్లు మీకు తెలియకపోవచ్చు గాని, ఏ పాట మొదలైతే ఎవరు గోడ వదిలి ముందుకు వస్తారో, ఎవరు ఏ స్తంభం పక్కన కళ్ళు మూసుకుని నిలబడతారో మీకు తెలుసు. ఆ ఎరుక ఆ గదిలో తప్ప మరెక్కడా పనికిరాదు. గది మూతపడితే దానికి చోటుండదు కనుక, మీ దిగులు పూర్తిగా సబబైనదే.

పాత పాటల విషయంలో నేను మీ పక్షమే. లండన్‌లోని సోహోలో 1982 జూలైలో బ్యాట్‌కేవ్ అనే గోత్ క్లబ్ మొదలైనప్పుడు అక్కడికి చేరినవాళ్ళు జ్ఞాపకాల కోసం రాలేదు, బయట వినబడని కొత్త చప్పుడు కోసం వచ్చారు. ఇండస్ట్రియల్ సంగీతానిది వేరే పుట్టుక. ఆ పేరు, థ్రాబింగ్ గ్రిజిల్ బృందం 1976లో పెట్టుకున్న ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే సంస్థ నుంచి వచ్చింది. ఈ రెండు పాయలూ ఒకే డ్యాన్స్ ఫ్లోర్ మీద ఇమడడానికి నల్ల బట్టలొక్కటే కారణం కాదని నా నమ్మకం. 1980లో లీడ్స్‌లో పుట్టిన సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందం, డ్రమ్మర్ బదులు ఒక డ్రమ్ మెషిన్‌ను పెట్టుకుని దానికి డాక్టర్ అవలాంచ్ అని పేరు కూడా పెట్టింది. గిటార్ పాటలోనే యంత్రం తాళం వేస్తున్నప్పుడు, అక్కడి నుంచి బెల్జియం బృందం ఫ్రంట్ 242 పాటకు దాటడం డీజేకు పెద్ద గెంతు కాదు. ఇన్నేళ్ళుగా మీరు చేసిన పని ఆ వంతెన వేయడమే కదా! కాబట్టి చివరి రాత్రి కూడా అదే చేయండి. రెండేళ్ళ కిందట మొదటిసారి లోపలికి వచ్చిన కుర్రవాళ్ళకు 1980ల పాటల్లో ఎంత ఇష్టమున్నా, వాళ్ళ సొంత జ్ఞాపకాలు మాత్రం వాళ్ళు వచ్చాక మీరు వేసిన పాటల్లోనే ఉంటాయి. వాటిని పక్కన పెడితే, వాళ్ళు మరొకరి ఇంటి వీడ్కోలుకు వచ్చిన అతిథులవుతారు. ఈ నెలలోనే విడుదలైన పాట ఒక్కటైనా నడిరాత్రి, ఫ్లోర్ నిండుగా ఉన్న వేళ వేయండి.

లైట్ల విషయం తప్పక చూసుకోండి. చదువుకునే రోజుల్లో నేను ఇలాంటి ఒక ముగింపు రాత్రికి వెళ్ళాను. ఆఖరి పాట ఆగీ ఆగకముందే ఎవరో తెల్ల లైట్లన్నీ ఒక్కసారి వేశారు. కాటుక చెరిగిన ముఖాలతో అందరం కళ్ళు చిట్లించుకుని, పక్కవాళ్ళ చేయి పట్టుకునేలోపే తలుపు వైపు నడిచాం. పొగ యంత్రం వదిలిన పొగ ఇంకా మోకాళ్ళ ఎత్తున తేలుతూనే ఉంది. ఆ తొందర నన్ను చాలాకాలం బాధించింది. చివరి పాట నిడివైనది ఎంచుకోండి. బౌహౌస్ బృందం 1979లో తెచ్చిన తొలి రికార్డులోని పాట తొమ్మిది నిమిషాలకు పైగా నడుస్తుంది, అలాంటిదన్నమాట. అది అయ్యాక పొగ తనంతట తాను విడిపోయేదాకా ఆగి, లైట్లు మెల్లగా పెంచమని ఆ పని చూసేవారికి ముందే చెప్పండి.

పాటల జాబితాలు, కరపత్రాలు మీ దగ్గరుంటే తేదీలు రాసి ఒకచోట చేర్చండి. ఫొటోలు మాత్రం అందులోని మనుషులను అడగకుండా బయట పెట్టకండి, ఎందుకంటే ఆ ముస్తాబును ఆఫీసుకూ బంధువులకూ తెలియకుండా దాచుకున్నవాళ్ళు ఉండవచ్చు. గేటు దగ్గర నిలబడినవారికి, కోట్లు భద్రపరిచినవారికి వేదిక మీద పేరుపేరునా కృతజ్ఞత చెప్పండి.

మళ్ళీ మొదలుపెడతామని ఆ రాత్రి మాటివ్వవద్దు. బ్యాట్‌కేవ్ కూడా ఒకటికి మించి చోట్లకు మారింది కనుక మీ రాత్రికీ మరో గది దొరకవచ్చు గాని, అది అలసట తీరాక మాట్లాడుకోవలసిన విషయం.

మరొక్క మాట. మీ వంతుకు చివరి గంట కాకుండా మొదటి గంట అడిగి తీసుకోండి. ఇన్నేళ్ళూ మీరు బల్ల వెనుకే ఉన్నారు. మిగిలిన రాత్రంతా ఫ్లోర్ మీద, ఆ స్తంభం పక్కన నిలబడేవారి దగ్గర ఉండవచ్చు. వారి పేరు కూడా అడగవచ్చు.