రైఫిల్ బాగుచేయబోతున్న మా చిన్నాకు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నీవు ఎవరో వాడిన రెమింగ్టన్ 700 రైఫిల్ కొన్నావనీ, దానికి కొత్త స్టాకూ (భుజానికి ఆనించే కొయ్య భాగం) కొత్త బ్యారెలూ (గొట్టం) వేయించబోతున్నావనీ మీ నాన్న గుంటూరు నుంచి ఫోన్ చేసి, ఈ పిచ్చి నేనే నీకు అంటించినట్టు నిష్ఠూరమాడాడు. టెక్సాస్‌లో ముప్పై ఏళ్లుగా రేంజికి వెళ్తున్నవాణ్ని కనుక కాదనలేకపోయాను. మనసులో కొంత గర్వపడ్డాను కూడా, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా భయం రైఫిల్ గురించి కాదు, నీ ఇంట్లో తిరిగే నాలుగేళ్ల పిల్ల గురించి. బ్యారెల్ కంటే ముందు తాళం పడే ఇనప సేఫ్ కొను. పనికి కూర్చునే ముందు బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) తీసి, తూటా కూర్చునే చాంబర్‌ను కంటితో చూసి వేలితో తడుము. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు.

స్కోపు మరలు బిగించి చూసుకో. ఒకే రకం తూటాలు వాడు. మూడు గుండ్లు పక్కపక్కన పడగానే సంబరపడక, పదేసి కాల్చి చూడు. ఒకేసారి అన్నీ మార్చితే ఏ మార్పు వల్ల గురి కుదిరిందో నీకే తెలియదు, కనుక ముందు స్టాకు సంగతి చూడు. కొయ్య తేమకు ఉబ్బి బ్యారెల్‌ను నొక్కితే, ఒక కాలంలో సరిచేసిన గురి మరో కాలంలో తప్పుతుంది. బ్యారెల్‌కూ కొయ్యకూ మధ్య డాలరు నోటు ఎక్కడా తట్టుకోకుండా జారాలి. యాక్షన్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) మాత్రం ప్రతి గుండుకూ అదే చోట కదలకుండా కూర్చోవాలి, అందుకే దాని కింద కొయ్యలో ఎపాక్సీ జిగురు పోసి, దాని ఆకారానికే అచ్చుగా గట్టిపడనిస్తారు, దాన్నే బెడ్డింగ్ అంటారు.

ఆ బెడ్డింగ్ దగ్గరే నేను దెబ్బతిన్నాను. మా వీధి చివర ఉండే ముసలాయన, నాకు కాల్చడం నేర్పినవాడు, తన దగ్గర దాచుకున్న వాల్‌నట్ స్టాకును నాకు ఇచ్చాడు. అది ఉగాది ముందు రోజు. మీ పెద్దమ్మ గుడికి తయారై కారు దగ్గర నిలబడి పిలుస్తోంది. ఎపాక్సీ అంటుకోకుండా యాక్షన్‌కు బూటు పాలిష్ దట్టంగా పట్టించాను గానీ, రికాయిల్ లగ్ (కాల్చినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని స్టాకుకు అందించే లోహపు పలక) అడుగు భాగం మరిచాను, మరల రంధ్రాలలోనూ ట్రిగ్గర్ సందులోనూ బొమ్మలు చేసే మట్టి కూరలేదు. ఎపాక్సీ ఆ సందులన్నిటిలోకీ పారి గట్టిపడింది. మర్నాడు ఎంత లాగినా యాక్షన్ ఊడి రాకపోతే, రబ్బరు సుత్తితో బ్యారెల్‌ను కొట్టాను. స్టాకు పిడి దగ్గర నిలువునా చీలింది. ముసలాయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి ఉంటే లోహం కుంచించుకుని పట్టు వదిలేది కదా అన్నాడు, అంతే. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. రెండోసారి నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతి సందులో మట్టి కూరేదాకా, లగ్ ముందూ పక్కలా అడుగునా టేపు అంటించేదాకా ఎపాక్సీ డబ్బా మూత తీయనివ్వలేదు. లగ్ వెనక ముఖం ఒక్కటే బెడ్డింగ్‌కు ఆనాలి, మిగతా వైపుల కాస్త ఖాళీ ఉండాలి. తొందర నీకూ ఉంది, అది మన వంశంలోనే ఉంది.

యాక్షన్‌ను స్టాకుకు పట్టే మరలు బిగించడానికి, ఎంత బలంతో బిగిస్తున్నావో చూపే టార్క్ రెంచ్ కొను. మరలు దూరే చోట అల్యూమినియం గొట్టాలు (పిల్లర్లు) ఉన్న స్టాకుకు 65 అంగుళ-పౌండ్లు వాడటం మామూలే, అయినా స్టాకు చేసినవారు చెప్పిన అంకెనే పాటించు.

బ్యారెల్‌ను మాత్రం నీవు ఇంట్లో మార్చడానికి వీల్లేదు. వీడియోలు చూసి నేర్చుకున్నానని చెప్పకు. హెడ్‌స్పేస్‌ను, అంటే మూసిన బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆగే చోటుకూ మధ్య దూరాన్ని, గేజ్‌లనే కొలత ముక్కలతో చూడాలి: గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో గేజ్ మీద మూసుకోకూడదు. హెడ్‌స్పేస్ అంతకు మించి వదులైతే తూటా తొడుగు చిట్లి వేడి వాయువు నీ ముఖం మీదికి రావచ్చు. ఆ పని గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసేవాడికి) అప్పగించి, బరువైన గుండ్లు కాల్చే ఉద్దేశం ఉంటే లోపలి గాడులు తక్కువ అంగుళాలలోనే ఒక చుట్టు తిరిగే బ్యారెల్ అడుగు. డబ్బు చాలకపోతే నన్ను అడుగు, మొహమాటపడకు.

చీలిన ఆ స్టాకు ఇప్పటికీ మా గరాజ్‌లో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. ముందు సేఫ్ కొన్న రసీదు ఫొటో పంపు, మీ నాన్నకు నేను చూపించాలి.

పెదనాన్న