అంతరిక్ష కరెంటులో 5 లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 58. కర్నూలులో సొంతిల్లు ఉంది. అంతరిక్షంలో సౌర విద్యుత్తు తయారుచేసి భూమికి పంపే ఓ విదేశీ స్టార్టప్ అన్‌లిస్టెడ్ షేర్లు (స్టాక్ మార్కెట్లో నమోదు కానివి) ఇప్పిస్తానని తెలిసినాయన అంటున్నారు. ఐదేళ్లలో పదింతలవుతాయట. ఎఫ్‌డీ తీసి 5 లక్షలు పెట్టమంటారా?

జవాబు: వద్దండి. ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి.

ఆయన చెప్పిన సైన్సులో అబద్ధం లేదు. 1968లోనే అమెరికా ఇంజనీరు పీటర్ గ్లేజర్ ఈ ఆలోచన చెప్పారు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున మబ్బులుండవు, రాత్రి కూడా దాదాపు ఉండదు. అక్కడి కరెంటును మైక్రోవేవ్‌లుగా మార్చి కిందికి పంపాలి. 2023లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కక్ష్యలో వైర్లు లేకుండా కరెంటు పంపి చూపించారు కూడా. వెలిగినవి మాత్రం అడుగు దూరంలోని రెండు చిన్న ఎల్‌ఈడీలు!

తేడా కొట్టేది రేటు దగ్గరే. 2050 నాటికి పనిచేసే కేంద్రాలు కడితే యూనిట్‌కు 61 సెంట్ల నుంచి 1.59 డాలర్లు పడుతుందని 2024 జనవరిలో నాసా లెక్కగట్టింది. తక్కువలో తక్కువ 50 రూపాయలు. అందులో సింహభాగం సామాను పైకి మోసే రాకెట్లకే. మన దేశంలో 2020 వేలంపాటల్లోనే సోలార్ యూనిట్ 2 రూపాయల దరిదాపులకు వచ్చింది. అది పగటి కరెంటే, నిజమే. బ్యాటరీ ఖర్చు కలిపినా 50కి చాలా దూరం. అన్నీ కలిసొస్తే 3 నుంచి 8 సెంట్లకు దిగొచ్చని కూడా ఆ నాసా నివేదికలోనే ఉంది. కలిసొస్తే అన్న మాట మీద ప్రభుత్వాలు పెట్టుబడి పెట్టుకోవచ్చు, మీ రిటైర్మెంట్ డబ్బు కాదు. 2050కి మీకు ఎనభై దాటతాయి.

ఇంకోటి, డబ్బు ఎవరి ఖాతాలో వేయమన్నారు? ఆ తెలిసినాయన సొంత ఖాతాలోనైతే ఇక మాటలే అక్కర్లేదు. అన్‌లిస్టెడ్ షేరు కొనడం తేలికే, అవసరానికి అమ్ముదామంటే కొనేవాడు దొరకడు.

సూర్యుడి మీదే డబ్బు పెట్టాలనుంటే మీ డాబా ఉందిగా. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద డాబా మీద పెట్టే 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నెలకు 300 యూనిట్లకు పైగా వస్తాయి, పై శ్లాబుల బిల్లు ముందు తగ్గుతుంది. కొటేషన్ తీసుకునే ముందు ఒకసారి డాబా ఎక్కి, మధ్యాహ్నం మూడింటికి వాటర్ ట్యాంకు నీడ ఎటు పడుతోందో చూసుకోండి.