ట్రెడ్‌మిల్ ప్రోగ్రామ్‌కు ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టాలా?

ప్రశ్న: మోకాళ్ల సమస్య వల్ల నాకు నిమిషానికోసారి వేగం, ఇన్‌క్లైన్ (బెల్టు ఏటవాలు) వాటంతటవే మారే ట్రెడ్‌మిల్ కావలసి వచ్చింది. ‘మీ వర్కవుట్ మీరే తయారు చేసుకోవచ్చు’ అన్న ప్రకటన చూసి 14 నెలల క్రితం ఆన్‌లైన్‌లో రూ.1,12,000 పెట్టి కొన్నాను. రెండు నెలల క్రితం ఒక అప్‌డేట్ వచ్చింది. అప్పటి నుంచి ఆ సౌకర్యానికి నెలకు రూ.899 కట్టమంటున్నారు. ఇంతకుముందు బ్లూటూత్‌తో వేరే యాప్ నుంచి కూడా నడిచేది. ఇప్పుడు ఆ యాప్‌లో వేగం కనిపిస్తుంది కానీ మార్చడం కుదరడం లేదు. అడిగితే, బయటి యాప్ వాడినందుకు వారంటీ కూడా పోయిందన్నారు. నేను చేసింది నేరమా? కేసు వేయవచ్చా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు చేసింది నేరం కాదు. కేసు వేయవచ్చు. అయితే గెలుపు మీ దగ్గరున్న కాగితాలు, వీడియోల మీద ఆధారపడుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం–2019 సెక్షన్ 2(10) ప్రకారం ‘లోపం’ అంటే మోటారు కాలిపోవడం ఒక్కటే కాదు. అమ్మినవాళ్లు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత వస్తువులో లేకపోయినా లోపమే. ప్రకటనలో సొంత ప్రోగ్రామ్ అని చెప్పి, దానికి నెలసరి చందా ఉంటుందని చెప్పకపోతే, ఆ సౌకర్యం మీరు చెల్లించిన ధరలో భాగమే. ‘మొదటి ఏడాది ఉచితం’ అని అప్పుడే ఎక్కడైనా రాసి ఉంటే మాత్రం మీ వాదన చాలా బలహీనపడుతుంది. అందుకే ముందుగా వెతకాల్సింది కొన్ననాటి ప్రకటన పేజీ, ఆర్డర్ ఈమెయిల్, డబ్బా మీది రాతలు, మాన్యువల్. ఆ పేజీని ఈపాటికి మార్చేసి ఉంటే, పాత పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడండి.

కంపెనీ తప్పకుండా ఒక మాట అంటుంది: ‘సౌకర్యాలను ఎప్పుడైనా మార్చే హక్కు మాకుందన్న షరతుకు యాప్‌లో మీరు ఒప్పుకున్నారు’ అని. ఇక్కడే చాలామంది ఫిర్యాదు తప్పుగా రాస్తారు. ఆ షరతు అన్యాయమైన ఒప్పందమని ప్రకటించి కొట్టేసే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు. అది రాష్ట్ర, జాతీయ కమిషన్లది. జిల్లా కమిషన్‌లో వేసేటప్పుడు వస్తువు లోపం, అనుచిత వ్యాపార విధానం అన్న రెండు కారణాల మీదే నిలబడండి. ఆ షరతును డబ్బు తీసుకోకముందు చూపలేదని, యంత్రం ఇంటికొచ్చాక యాప్ తెరిస్తేనే కనిపించిందని స్పష్టంగా రాయండి.

ఇక బ్లూటూత్ సంగతి. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. బయటి యాప్‌లతో కలవడానికి చాలా ట్రెడ్‌మిల్స్ ఎఫ్‌టీఎంఎస్ అనే ఉమ్మడి బ్లూటూత్ ప్రమాణాన్ని వాడతాయి. ఫోన్‌లో ఏదైనా ఉచిత బ్లూటూత్ స్కానర్ యాప్‌తో యంత్రానికి కనెక్ట్ అయితే 1826 అనే సర్వీసు కనిపించాలి. దాని కింద 2ఏసీడీ ఉంటే వేగం, దూరం చదవడం కుదురుతుంది. వేగం, ఇన్‌క్లైన్ మార్చే ఆదేశాలు వెళ్లేది 2ఏడీ9 ద్వారా. ఇప్పుడు 2ఏసీడీ ఉండి 2ఏడీ9 లేకపోతే, మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే. అయితే ఇది ఇప్పటి స్థితినే చూపుతుంది. అప్‌డేట్‌కు ముందు పని చేసిందనడానికి పాత యాప్‌లో మిగిలిన వర్కవుట్ రికార్డులు, అప్పటి వీడియో, లేదా అప్‌డేట్ కాని అదే మోడల్ వాడుతున్నవారి అఫిడవిట్ కావాలి. భద్రత కోసం దూరం నుంచి బెల్టు స్టార్ట్ కాకుండా ఆపామని కంపెనీ అంటే ఆ మాటకు బరువుంది, కాదనకండి. మనిషి బెల్టు మీద ఉండి, సేఫ్టీ కీ పెట్టి, చేత్తో స్టార్ట్ చేశాక కూడా ప్రోగ్రామ్ ఎందుకు నడవకూడదన్నదే మీ ప్రశ్న కావాలి.

వారంటీ కార్డులో బయటి యాప్ గురించి మాటే లేకపోతే, ఫోన్‌లో చెప్పిన కారణం చెల్లదు. అలా రాసి ఉన్నా, ఆ యాప్ వల్ల ఫలానా భాగం పాడైందని చూపాల్సింది కంపెనీయే అని వాదించండి. ‘ఏ షరతు కింద వారంటీ రద్దు చేశారు?’ అని ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వక జవాబు తీసుకోండి.

నేరం సంగతికి వస్తే, మీ సొంత యంత్రానికి బయటి యాప్ కలపడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. రెండు ప్రోగ్రాములు కలిసి పనిచేయడానికి అవసరమైన, వేరేచోట తేలిగ్గా దొరకని సమాచారం రాబట్టడానికి కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏబీ) మినహాయింపు ఇస్తోంది. కానీ డబ్బు కట్టకుండా కంపెనీ వీడియో పాఠాలను కాపీ చేయడం, వేరొకరి లాగిన్‌తో వాళ్ల సర్వర్‌లోకి వెళ్లడం మాత్రం చేయకండి. రెండోది ఐటీ చట్టం సెక్షన్ 43 కిందికి వస్తుంది.

ముందు మీరు కొన్న ఆన్‌లైన్ అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. ఈ–కామర్స్ నిబంధనలు–2020 ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ తర్వాత తయారీదారుకూ విక్రేతకూ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పలకకపోతే మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ ఊరికి వెళ్లక్కర్లేదు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అది అప్‌డేట్ నాటి నుంచి లెక్కని మనం వాదించవచ్చు కానీ, ఆ వాదన అవసరమే రాకుండా కొన్న తేదీ నుంచి రెండేళ్లలోపు, అంటే వచ్చే 10 నెలల్లో వేసేయండి.

కోరికల్లో మొదటిది సౌకర్యాన్ని చందా లేకుండా పునరుద్ధరించడం. కుదరకపోతే యంత్రం వెనక్కి తీసుకుని ధరలో తగిన భాగం వాపసు. 14 నెలలు వాడాక మొత్తం ధర అడిగితే కమిషన్ ఒప్పుకోవడం కష్టం. కేసు తేలేదాకా సౌకర్యం చందా లేకుండా ఇచ్చేలా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కూడా కోరండి. మీ మోకాళ్ల సమస్యకు డాక్టరు చీటీ జతచేస్తే దీనికి బలం వస్తుంది.

సాఫ్ట్‌వేర్ లోపాన్ని ల్యాబ్ పరీక్షకు పంపాలని కంపెనీ పట్టుబడితే కేసు సాగుతుంది, ఆ ఫీజు కూడా ముందు మీరే కట్టాల్సి రావచ్చు. దీన్ని తప్పించడానికి స్వతంత్ర టెక్నీషియన్ రిపోర్టును అఫిడవిట్‌తో మొదటే వేయండి. వీడియోను ఎక్కడా కోయకుండా ఒకే టేకులో తీయండి: సీరియల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, చందా అడిగే తెర, స్కానర్‌లో కనిపించేవి. దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఇవన్నీ చేతికి వచ్చేవరకు ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి, పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రయత్నం చేయకండి, సర్వీసు మనిషి వచ్చినా కొత్త అప్‌డేట్ వేయనివ్వకండి.