సర్కంఫ్లెక్స్ కుడివైపు నుంచి వస్తే మైట్రల్ రిపేర్ చేయించొచ్చా?

మీ నాన్నగారికి మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య కవాటం) బాగా లీకవుతోందని, యాంజియోగ్రామ్‌లో సర్కంఫ్లెక్స్ నాళం (గుండె కండకి రక్తమిచ్చే నాళాల్లో ఒకటి, మామూలుగా ఎడమవైపు పుడుతుంది) కుడి సైనస్‌లో, అంటే అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) మొదట్లోని కుడి ఉబ్బులో పుట్టి, అయోర్టా వెనకగా పోతోందని రాశారన్నారు. ఆపరేషన్ చేయించొచ్చా అని అడిగారు.

చేయించొచ్చు. నాళం అలా పుట్టడం జబ్బు కాదు, చాలామందికి అలా ఉందన్న సంగతే తెలీదు. చిక్కల్లా కుట్ల దగ్గరే.

రిపేర్‌లో వాల్వ్ అంచు చుట్టూ రింగు కుడతారు. అందరిలోనూ సర్కంఫ్లెక్స్ ఆ అంచు పక్క గాడిలోనే ఉంటుంది. పీ1 మూల (వాల్వ్ వెనక రెక్కలో ఎడమ పక్క భాగం) దగ్గర సూదికీ నాళానికీ మధ్య ఎడం కొన్ని మిల్లీమీటర్లే. మీ నాన్నగారికి అది అయోర్టిక్ (అయోర్టా మొదట్లో ఉండేది), మైట్రల్ వాల్వుల నడుమ నుంచి వస్తోంది కాబట్టి ముందువైపు కుట్లకీ జాగ్రత్త కావాలి. సూది నాళంలోకి దిగక్కర్లేదు, పక్క కండ లాక్కుపోయి నాళం మడత పడినా రక్తం ఆగుతుంది. అందుకే ఆ మూలల్లో లోతు తక్కువ కుట్లు వేస్తారు, సూది మొన జఠరిక (గుండె కింది గది) వైపు తిప్పుతారు, మరీ చిన్న రింగు బిగించరు. వెనక అంచుకే సరిపోయే బ్యాండ్ వేస్తే ముందు కుట్లు తగ్గుతాయి.

ఆపరేషన్‌కి ముందు ఈసీజీ గేటెడ్ కరోనరీ సీటీ (గుండె కొట్టుకునే లయకి జతచేసి గుండె నాళాలు చూపే స్కాన్) అడగండి. యాంజియో దారి చూపిస్తుంది గానీ, అంచుకి ఎంత దూరమో చెప్పదు. కాంట్రాస్ట్ (నాళాలు కనబడేందుకు ఇచ్చే మందు) ఎక్కిస్తారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి.

థియేటర్‌లో అసలు పరీక్ష హార్ట్-లంగ్ మెషీన్ నుంచి దించేటప్పుడు. గుండె పక్క గోడ (సర్కంఫ్లెక్స్ రక్తమిచ్చే భాగం) మందగించి ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేస్తే (రక్తం అందట్లేదన్న గుర్తు), 'గుండె తెరిచినప్పుడు చేరిన గాలి బుడగలే నాళంలో అడ్డుపడ్డాయి, సర్దుకుంటుంది' అనుకోవడం మామూలు. కానీ వెల్లకిలా పడుకున్న మనిషిలో గాలి ఎక్కువగా కుడి నాళంలోకే పోతుంది, పక్క గోడ మందగిస్తే కుట్టునే అనుమానించాలి. మీ నాన్నగారి విషయంలో ఈ లెక్క తప్పొచ్చు: సర్కంఫ్లెక్స్ కూడా కుడి నుంచే కదా, గాలి అందులోకీ పోవచ్చు. బీపీ పెంచి కొద్ది నిమిషాలు చూడొచ్చు. ఆ తర్వాతా టీఈఈ డాప్లర్‌లో (అన్నవాహికలోంచి గుండెనీ రక్త ప్రవాహాన్నీ చూసే అల్ట్రాసౌండ్) ప్రవాహం కనబడకపోతే ఆలస్యం పనికిరాదు. కుట్టు విప్పడమో, బైపాస్ గ్రాఫ్ట్ (రక్తానికి పక్కదారిగా కుట్టే నాళం) వేయడమో, క్యాథ్‌ల్యాబ్‌లో (యాంజియో చేసే గది) స్టెంట్ వేయడమో చేయాలి. గట్టిగా ముడిపడిన కుట్టు దగ్గర ఒక్కోసారి స్టెంట్ వైరే దూరదు.

సర్జన్‌గారిని రెండే అడగండి: టీఈఈలో కుట్లకి ముందూ తర్వాతా ఆ నాళం చూస్తారా? క్యాథ్‌ల్యాబ్ ఆ పూట సిద్ధంగా ఉంటుందా?

ఆ యాంజియో సీడీ పారేయకండి. రేపెప్పుడైనా అయోర్టిక్ వాల్వ్ మార్చాల్సి వస్తే, కాలి ద్వారా వేసే టావీ (ఛాతీ కోయకుండా గొట్టంతో వాల్వ్ అమర్చడం) అయినా సరే, ఇదే నాళం ఆ వాల్వ్ వెనకే ఉంటుంది.