మిద్దెతోట పుస్తకం ఎవరి కోసమో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మిద్దెతోటల మీద తెలుగులో పుస్తకం రాస్తున్నాను. పాఠకులెవరో ముందు తేల్చుకోమని అందరూ చెబుతున్నారు. మొక్కలంటే ఇష్టమున్న తెలుగువాళ్లందరూ అనుకుంటే తప్పేంటి? ఒకరకం మనుషుల కోసమే రాస్తే మిగతావాళ్లు కొనరు కదా?

జవాబు:

తప్పేంటంటే, కొలతలు రాయాల్సిన చోటుకు రాగానే చెయ్యి ఆగిపోతుందండి. ఆవుపేడ, ఆవుమూత్రం పులియబెట్టి చేసే ద్రవ ఎరువు జీవామృతమే తీసుకోండి. ఎక్కడ చూసినా ఎకరం లెక్కే ఉంటుంది: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. ఇరవై కుండీలున్న ఇంటికి 10 లీటర్లు కలిపితే చాలు. అంటే పేడ అరకిలో, మూత్రం పావులీటరు నుంచి అరలీటరు, బెల్లం 100 గ్రాములు, పిండి 100 గ్రాములు. సరే, లెక్క తేలింది. మూడో అంతస్తు ఫ్లాట్లో ఉన్నవాళ్లకు పేడ ఎక్కడ దొరుకుతుంది? రెండు రోజులు పులిసే బకెట్‌ను ఎక్కడ పెట్టాలి? వాసనొస్తోందని పక్కింటివాళ్లు తలుపు కొడితే ఏం చెయ్యాలి? ఫ్లాట్ మనిషికి అసలు కావాల్సింది ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే పేరానే, పొలం ఉన్న రైతుకు ఇది దండగ. ఇద్దరికీ కలిపి రాయబోతే ‘తగినంత’, ‘అవసరం మేరకు’ లాంటి మాటలు వచ్చి కూర్చుంటాయి. అవి ఇద్దరికీ పనికిరావు.

పాఠకుణ్ణి వయసు, చదువు, జీతం చూసి తేల్చకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో చూసి తేల్చండి. మిద్దెతోట విషయంలో నాలుగు సంగతులు తెలిస్తే చాలు: ఎండ ఎన్ని గంటలు పడుతుంది, ఇల్లు సొంతమా అద్దెదా, రోజూ నీళ్లు పోసేదెవరు, ఇదివరకు ఏం వేసి పోగొట్టుకున్నారు. మొదటి రెండింటితోనే పుస్తకం సగం తేలిపోతుంది. మూడు నాలుగు గంటల ఎండే పడే బాల్కనీలో తోటకూర, పాలకూర, మెంతికూర వస్తాయి. టమాటా, వంగ, బెండకు ఆరు గంటలైనా కావాలి. ఎండ చాలని చోట మొక్క ఏపుగానే పెరుగుతుంది, పూత మాత్రం సరిగా రాదు. అప్పుడు పుస్తకాన్ని తిడతారు.

సొంతింటివాళ్ల భయం స్లాబ్ గురించి. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల్లో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కగడతారు. 20 లీటర్ల బకెట్ నిండా తడి ఎర్రమట్టి ఉంటే 30 కిలోలు దాటుతుంది. కాబట్టి వాళ్ల పుస్తకంలో బరువు, వాటర్‌ప్రూఫింగ్, నీరు పోయే వాలు ముందు అధ్యాయంలోనే రావాలి. అద్దెవాళ్లది వేరే గొడవ. ఒప్పందం 11 నెలలకే ఉంటుంది, ఇల్లు మారితే కుండీలు మోయాలి. వాళ్లకు ఇటుక మడులు, నిమ్మ, మునగ చెప్పడం అనవసరం. తేలికైన గ్రోబ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), నెల తిరక్కముందే కోసుకునే ఆకుకూరలు చెప్పాలి. ఈ రెండు పుస్తకాలూ ఒకే అట్టలో ఇమడవు.

సమాచారం ఎలా సేకరించాలంటే, వాట్సాప్, ఫేస్‌బుక్ తోటల గ్రూపుల్లో జనం అడిగిన ఓ వంద ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఎత్తి రాసుకోండి. సవరించొద్దు. పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు. ‘పూత రాలిపోతోంది’, ‘ఆకులు ముడుచుకుంటున్నాయి’, ‘తెల్లగా దూదిలా పట్టింది’ అని అడుగుతారే తప్ప, ఆ దూదిలాంటి పురుగుకు పిండినల్లి అనే పేరుందని చాలామందికి తెలియదు. మీ అధ్యాయాల పేర్లు, చివరి సూచిక ఆ మాటలతోనే ఉండాలి. అయితే ఇక్కడో మోసం ఉంది. గ్రూపుల్లో మాట్లాడేది తోట నిలబెట్టుకున్నవాళ్లు. వదిలేసినవాళ్లు అక్కడ ఉండరు, పుస్తకం ఎక్కువ అవసరమైంది వాళ్లకే. వాళ్ల కోసం ఆదివారం నర్సరీకి వెళ్లండి. అపార్ట్‌మెంట్ డాబాల మీద మూలన పేర్చిన ఖాళీ కుండీలు ఎవరివో అడగండి.

పది పన్నెండు మందితో మాట్లాడితే చాలు. ‘ఇలాంటి పుస్తకం వస్తే కొంటారా?’ అని మాత్రం అడక్కండి. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. ‘కిందటిసారి మొక్క చచ్చిపోయినప్పుడు ఏం చేశారు? ఎవర్ని అడిగారు? మందుకు ఎంత పెట్టారు?’ అని జరిగినదాన్ని అడగండి.

రాతప్రతి పూర్తయ్యాక చూద్దామనుకోకుండా ఒక్క అధ్యాయం కాగానే ఐదుగురికి ఇచ్చి, అందులో చెప్పిన పని మీ ఎదురుగా చేయించండి. మీరు నోరు విప్పకూడదు, ఇదే కష్టం. ‘లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె’ అని రాసి ఉంటే, ఇంట్లో కొలిచే గ్లాసు లేక అక్కడే ఆగుతారు. ‘ఒక టీస్పూను’ అని ఉండాలి. నూనెను తిన్నగా నీళ్లలో పోస్తే పైకి తేలుతుంది, తేలినది పిచికారీ చేస్తే ఆకులు మాడతాయి. ముందు నూనెలో కొంచెం సబ్బు ద్రవం కలిపి, తర్వాత నీళ్లు పోయమని వరస రాయాలి. వాళ్లు ఆగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ముగ్గురు ఒకే చోట ఆగితే తప్పు మీ వాక్యంలోనే ఉంది.

కొనేవాళ్లు, చదివేవాళ్లు ఒకరే కాకపోవచ్చు. రిటైరైన అమ్మానాన్నల కోసం పిల్లలు కొనడం మామూలే. అప్పుడు అక్షరం 14 పాయింట్లకు తగ్గితే పుస్తకం అలమరలోనే ఉండిపోతుంది. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో వ్యవసాయం, ఇంటిపంట స్టాళ్ల దగ్గర ఓ గంట నిలబడి ఎవరు తిరగేస్తున్నారో, ఏ పేజీ దగ్గర ఆగుతున్నారో చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

అమెరికా తెలుగువాళ్లను కూడా కలుపుకుందామని చివర్లో నాలుగు పేజీలు అతికించొద్దు. న్యూజెర్సీలో మంచు భయం పోయి గోంగూర నారు బయట నాటేసరికి మే నెల వస్తుంది. మనకది షేడ్‌నెట్ (ఎండ తగ్గించే నీడ వల) కట్టి ఉన్న మొక్కల్ని కాపాడుకునే కాలం. క్యాలెండరే తలకిందులు, కాబట్టి అది వేరే పుస్తకం.

పాఠకుడు ఖాయమయ్యాక కోత మొదలుపెట్టండి. రసాయన మందుల కీడు గురించి ముప్పై పేజీల ముందుమాట మన పుస్తకాల్లో అలవాటైపోయింది. డబ్బిచ్చి కొన్నవాడు ఆ మాట ఒప్పుకునే కొన్నాడు, ఇంకా ఎందుకు ఒప్పించడం? కూరగాయల పోషక విలువల పట్టికలూ తీసేయండి. అచ్చులో ఒక ఫారం అంటే 16 పేజీలు. రెండు ఫారాలు తగ్గితే ధరా తగ్గుతుంది.

మిగతావాళ్లు కొనరేమో అన్న భయానికొస్తే, అద్దె బాల్కనీ కోసం రాసిన పుస్తకాన్ని డాబా ఉన్నవాళ్లూ కొంటారు. మట్టి మిశ్రమం, పురుగులు, నీటి లెక్క ఇద్దరికీ పనికొస్తాయి. తక్కువ వసతి ఉన్నవాణ్ణి పాఠకుడిగా పెట్టుకుంటే ఎక్కువ ఉన్నవాడు సర్దుకుంటాడు, వెయ్యి చదరపు అడుగుల డాబాకు రాసినదాన్ని బాల్కనీలోకి కుదించుకోవడం మాత్రం కొత్తవాళ్లవల్ల కాదు. అట్ట మీద కూడా పందిళ్లు వేసిన పెద్ద తోట ఫొటో వద్దు, బాల్కనీ గ్రిల్ పక్కన ఐదారు గ్రోబ్యాగులు కనిపిస్తే చాలు.